వీణకు మైకు: తొమ్మిదేళ్లు వాడాక

పాలమూరులో పిల్లలకు వీణ నేర్పుతాను. నవరాత్రుల్లో గుళ్లలో, మాఘమాసం నుంచి పెళ్లిళ్లలో వాయిస్తాను. ఈ తొమ్మిదేళ్లలో ఇంట్లో నాలుగు రకాల మైకులు పోగయ్యాయి. కచేరీకి బయల్దేరేటప్పుడు సంచిలోకి ఎక్కేవి రెండే.

వీణ గొంతు చిన్నది. గదిలో పదిమంది ఉంటే మైకే అక్కర్లేదు. పక్కన మృదంగం, ఘటం చేరి, ఎదురుగా రెండొందల మంది మాట్లాడుకుంటూ కూర్చుంటేనే చిక్కు. నేను మూడు శ్రుతికి కడతాను కాబట్టి పై తీగ సారణి 165 హెర్ట్జ్ దగ్గర పలుకుతుంది. కింది తీగలు రెండూ, మంద్రం 82, అనుమంద్రం 62. డబుల్ బేస్ (నిలబెట్టి వాయించే పెద్ద వయొలిన్ లాంటిది) వాయించేవాళ్ల కష్టాలు చదివితే మన ఇంటి గొడవే అనిపిస్తుంది నాకు. వాళ్ల అడుగు తీగ ఇంకా కిందికి, 41 హెర్ట్జ్‌కి దిగుతుంది. సౌండ్ సెట్టు వాళ్లకు కింది స్వరం అంటే గుబగుబ. మిక్సర్‌లో లో-కట్ బటన్ కనబడితే చాలు, నొక్కేస్తారు. చిన్న మిక్సర్లలో అది 75 నుంచి 100 హెర్ట్జ్ మధ్య ఎక్కడో గీత గీసి, దాని కిందివన్నీ కోసేస్తుంది. పాటకు మంచిదే. నా అనుమంద్రం మాత్రం అక్కడికక్కడే సన్నబడిపోతుంది. అందుకే ఎక్కడికెళ్లినా మొదటి మాట, "తమ్ముడూ, నా చానల్‌లో ఆ బటన్ తీసెయ్యి."

మొదటి మైకు నేను ఎంచుకున్నది కాదు. వీణ కొన్నప్పుడే తీగల కింద, తీగ కదలికను అయస్కాంతంతో పట్టే పికప్ బిగించి ఇచ్చారు. ఇంట్లో చిన్న యాంప్లిఫయర్‌కి కలిపితే బ్రహ్మాండం అనిపించింది. స్టేజీ మీద మాత్రం సారణి, పంచమం గట్టిగా వస్తున్నాయి, కింది రెండూ ఎక్కడో బావిలోంచి వినిపిస్తున్నాయి. నా చేతి బలం చాలట్లేదేమో అని ఏడాదిపాటు మీటు గట్టిగా వేశాను, గోళ్లు పాడు చేసుకున్నాను. అసలు సంగతి తీగల్లో ఉంది. పై రెండు ఉక్కువి, నా కింది రెండు ఇత్తడివి. ఇత్తడిని అయస్కాంతం పట్టుకోదు. ఉక్కు మీద తీగ చుట్టినవి వేస్తే కొంత మెరుగే కానీ ఆ పలుకు నాకు నచ్చలేదు. దానికితోడు దసరా మండపాల్లో చుట్టూ సీరియల్ బల్బులు. వాటి డిమ్మర్ రొదంతా ఆ పికప్ పీల్చుకుని స్పీకర్లోకి పంపేది. వీణతో కాస్త పక్కకు తిరిగి కూర్చుంటే రొద తగ్గేది. అమ్మవారికి వీపు పెట్టి ఎంతసేపు వాయిస్తాం?

రెండోది వీణ కుండ మీద అంటించే కాంటాక్ట్ మైకు, అదిరితే కరెంటు పుట్టించే పీజో బిళ్ల. బ్రాండ్ పేరు కూడా లేని చవక సరుకు. దీని గురించి కాస్త వివరంగా చెప్పాలి, ఎందుకంటే మావాళ్లలో చాలామంది దీన్ని కొని, బాగాలేదని పక్కన పడేస్తారు. నేనూ అలాగే పడేశాను, రెండేళ్ల తర్వాత మళ్లీ తీశాను. తప్పు బిళ్లది కాదు. దాన్ని నేరుగా మిక్సర్ మైకు ఇన్‌పుట్‌లో పెడితే ఆ ఇన్‌పుట్ ఇంపిడెన్స్, అంటే కరెంటుకు అది పెట్టే ఎదురు, ఒకటి రెండు వేల ఓములు మాత్రమే. పీజోకి కనీసం పది లక్షల ఓములు, అంటే ఒక మెగాఓమ్, ఎదురుండాలి. లేకపోతే కింది స్వరాలన్నీ అక్కడే ఆగిపోయి, రేకు డబ్బా మీద గీరినట్టు పైవి మాత్రమే వస్తాయి. మధ్యలో మెగాఓమ్ ఇన్‌పుట్ ఉన్న బ్యాటరీ డీఐ బాక్స్ (సిగ్నల్‌ను మిక్సర్‌కి సరిపడేలా మార్చే డబ్బా) పెట్టాక అదే బిళ్ల నుంచి మంద్రం గుండ్రంగా వచ్చింది. దాని మీద గ్రౌండ్ లిఫ్ట్ బటన్, అంటే కేబుల్‌లోని ఎర్త్ కలయికను విడదీసేది, ఉంటే ఇంకా మేలు. కరెంటు పోయి జనరేటర్ మీదికి మారినప్పుడు మొదలయ్యే హమ్ చాలాసార్లు దానితోనే ఆగింది.

అంత చేసినా కాంటాక్ట్ మైకు వీణలోని గాలిని వినదు, చెక్కనే వింటుంది. కుండ లోపల తిరిగి వచ్చే ఆ తేనె చుక్కలాంటి పలుకు రాదు. గమకం లాగినప్పుడు వేలు తీగ మీద జరిగే చప్పుడు, నా గాజులు తగిలే చప్పుడు మాత్రం ఉన్నదానికంటే రెట్టింపు వస్తాయి. కచేరీ రోజు కుడిచేతికి ఒక్క గాజుంచి మిగతావి తీసేస్తాను. మా అమ్మకు అది ఇప్పటికీ నచ్చదు. ఇంకోటి, మా ఎండలు. 44 డిగ్రీల మధ్యాహ్నం షామియానా కింద వీణ మెట్లు అతికించిన మైనమే మెత్తబడుతుంటే, బిళ్ల అంటించిన జిగురు ఏం నిలుస్తుంది? ఒక పెళ్లిలో సరిగ్గా తాళి కట్టే వేళకు జారి ఒళ్లో పడింది.

మూడోది కుండ అంచుకు క్లిప్పుతో పట్టించే చిన్న కండెన్సర్. హైదరాబాద్‌లో తెలిసినవాళ్ల దగ్గర డీపీఏ కంపెనీ 4099 మైకు తీసుకుని రెండు నెలలు వాడాను. నేను విన్నవాటిలో నా వీణ నా వీణలా వినిపించింది దానిలోనే, అందులో అనుమానం లేదు. కానీ దాని ధర నా వీణ ధరలో సగం దాటుతుంది. ఆపైన మిక్సరే కేబుల్లోంచి మైకుకు పంపే 48 వోల్టుల ఫాంటమ్ పవర్ కావాలి. మా ఊళ్ల అద్దె సెట్లలో ఆ బటన్ ఉన్న మిక్సర్ సగం చోట్లయినా కనబడదు. "ఫాంటమ్ అంటే ఏందక్కా, దయ్యమా?" అన్నాడు ఒక పిల్లవాడు. నవ్వొచ్చింది కానీ ఆ రోజు గాయకురాలి పక్కనున్న స్పేర్ మైకుతోనే వాయించాను. తర్వాత తక్కువ ధరలో అలాంటిదే ఒకటి కొన్నాను. అది బీరువాలో ఉంది, దాని గురించి ఇంతకంటే చెప్పేది లేదు.

చివరికి నిలిచింది షూర్ ఎస్‌ఎం57. 1965 నుంచి వస్తున్న మైకు. ఫాంటమ్ అక్కర్లేదు, కింద పడ్డా భయం లేదు, ఏ సెట్టులో పెట్టినా పలుకుతుంది. నాది ఏడేళ్లది, జాలీ కాస్త సొట్టపోయింది, అంతే. దీన్ని ఎక్కడ పెట్టాలో తెలుసుకోవడానికే నాకు ఎక్కువ కాలం పట్టింది. పొట్టి స్టాండు మీద, కుండకు కుడివైపు నుంచి, తీగలు ఆనే గుర్రానికీ చివరి మెట్టుకూ మధ్యకు చూసేలా పెడతాను. మీటే వేళ్లకు సూటిగా ఎదురు పెడితే టకటకలే వస్తాయి. జానెడు దూరంలో పలుకు సహజంగా ఉంటుంది. బెత్తెడుకు దగ్గర చేస్తే ఈ రకం మైకుల్లో కింది స్వరాలు వాటంతటవే పెరుగుతాయి, అనుమంద్రానికి అది వరం. కానీ రాతి మండపంలో అదే ముప్పు. అలంపురం లాంటి చోట రాళ్లే సగం స్పీకర్లు, అక్కడ జానెడు దాటే ఉంచుతాను.

కుడివైపు నుంచి అని ఊరికే అనలేదు. మృదంగం అన్న నాకు కుడిపక్కనే కూర్చుంటాడు. 57 వెనకవైపు వినదు కాబట్టి మైకు తోక ఆయనవైపు ఉంటే మృదంగం అందులోకి తక్కువ దూరుతుంది. 4099 లాంటి సూపర్‌కార్డియాయిడ్‌కు, అంటే ముందువైపు ఇంకా ఇరుకుగా వినే రకానికి, ఈ లెక్క నడవదు. దానికి చెవుడు నేరుగా వెనక కాదు, వెనక రెండు పక్కలా ఉంటుంది. చెక్క స్టేజీ అయితే స్టాండు కింద తువ్వాలు మడిచి వేస్తాను, లేకపోతే ఎవరు నడిచినా దబదబలే.

57 ఒక్కటే అన్నిచోట్లా చాలదు. పెళ్లిళ్లలో స్పీకర్లు మన నెత్తి మీదే ఉంటాయి, కాస్త పెంచగానే కూత మొదలవుతుంది. అక్కడ పీజో, డీఐ బాక్స్ ముందు, 57 కొంచెం కలిపి. గుళ్లలో 57 ముందు, పీజో నా మానిటర్‌కి, అంటే నా వాయిద్యం నాకు వినబడే స్పీకర్‌కి మాత్రమే. రెండూ కలిపినప్పుడు పలుకు బోలుగా అనిపిస్తే ఒకదాని ఫేజ్ బటన్ (ఆ సిగ్నల్‌ను తలకిందులు చేసేది) తిప్పమంటాను. చాలాసార్లు అంతే, కింది తీగ తిరిగొస్తుంది.

కిందటేడు ఒక సభలో మా ముందు పన్నెండు మెట్ల కిన్నెర, సొరబుర్రలు తగిలించిన తీగవాద్యం, ఉంది. 2022లో కిన్నెర వాయించే దర్శనం మొగిలయ్య గారికి పద్మశ్రీ వచ్చాక మా వైపు సభల్లో కిన్నెర పేరు మళ్లీ వినబడుతోంది. ఆ రోజు వాయించిన పెద్దాయన ముందు పాటల మైకు ఒక్కటే పెట్టారు, గొంతు తప్ప బుర్రల పలుకు ఏమీ రావట్లేదు. నా 57 తీసుకెళ్లి పెద్ద బుర్రకు బెత్తెడు దూరంలో పెట్టాను. ఆయన ఒకసారి మీటి, మైకువైపు చూసి, "ఇది నాకిచ్చి పో బిడ్డా" అన్నాడు. ఇవ్వలేదు. పేరు మాత్రం కాగితం మీద రాసిచ్చాను.