టెక్నికల్ రైటింగ్ ఇంటర్న్‌షిప్: ఊళ్లో ఆఫీసా, ఓపెన్ సోర్సా?

కానూరు వైపు కాలేజీల్లో చదివే జూనియర్లు ఈమధ్య తరచూ అడుగుతున్నారు: "అక్కా, కోడింగ్ నాకు అంతగా ఎక్కదు. ఇంగ్లీషు మాత్రం బాగానే రాస్తాను. టెక్నికల్ రైటింగ్ ఇంటర్న్‌షిప్ ఎక్కడ చేస్తే మంచిది?" టెక్నికల్ రైటింగ్ అంటే సాఫ్ట్‌వేర్ ఎలా వాడాలో చెప్పే గైడ్లు రాయడం. అది నేర్చుకోవడానికి మనకు అందే దారులు రెండు. విజయవాడలోనే ఒక చిన్న సాఫ్ట్‌వేర్ కంపెనీలో చేరడం ఒకటి. ఇంట్లో కూర్చుని ఓపెన్ సోర్స్ ప్రాజెక్టులకు, అంటే కోడ్ అందరికీ తెరిచి ఉంచే సాఫ్ట్‌వేర్లకు, డాక్యుమెంటేషన్ రాయడం రెండోది. నేను ముందు మొదటిది చేశాను, తర్వాత రెండోదీ చేశాను. డబ్బు కట్టించుకుని సర్టిఫికెట్ చేతిలో పెట్టే మూడో రకం కూడా ఉంది. ఆ డబ్బుతో మంచి కీబోర్డు కొనుక్కోండి.

నేను చేరిన కంపెనీ గుంటూరు మిర్చి కోల్డ్ స్టోరేజీలకు సాఫ్ట్‌వేర్ చేస్తుంది. రైతు తెచ్చిన టిక్కీలు (మిర్చి బస్తాలు) ఎన్ని, ఏ ఛాంబర్లో పెట్టారు, అద్దె ఎంతయింది, డెలివరీ ఎప్పుడు ఇచ్చారు, అన్నీ అందులో ఎక్కించాలి. దానికి యూజర్ గైడ్ రాయడం నా పని. పాత గైడ్ ఒకటి ఉంది. మొదటి మెనూ నుంచి చివరి మెనూ దాకా, ఏ బటన్ నొక్కితే ఏమవుతుందో వరసగా చెప్పుకుంటూ పోతుంది. చూడ్డానికి ఏ లోపమూ కనిపించదు.

లోపం సపోర్ట్ ఫోన్లు వింటే తెలిసింది. సీజన్‌లో ఒక గుమాస్తా గారు ఫోన్ చేశారు. "ఏమ్మా, యాభై టిక్కీలు ఎక్కువ పడ్డాయి, రసీదు కూడా ఇచ్చేశాను. వెనక్కి ఎలా తియ్యాలో మీ పుస్తకంలో ఎక్కడా లేదే!" అవతల లారీ దిగుమతి అవుతోంది, హమాలీలు అరుస్తున్నారు, ఆయన టెన్షన్ ఫోన్లోనే వినిపిస్తోంది. ఆయనకు మెనూల వరస అక్కర్లేదు. తన పని ఎక్కడ ఆగిందో అక్కడ దారి చూపించాలి. ఆ తర్వాత మేము గైడ్‌ని గుమాస్తా రోజువారీ పని వరసలో మార్చాం: లారీ వచ్చినప్పుడు, రసీదు ఇచ్చేటప్పుడు, తప్పు పడితే సరిచేసేటప్పుడు, డెలివరీ అప్పుడు. పేజీలు తగ్గాయి. ఎవరి కోసం రాస్తున్నామో వాళ్ల గొంతు వినే అవకాశం ఆఫీసులో తప్ప దొరకదు. పక్క కుర్చీలోనే టెస్టర్ ఉంటారు. సాఫ్ట్‌వేర్ ఎక్కడెక్కడ మొండికేస్తుందో రాసిన డెవలపర్ కంటే ఆయనకే ఎక్కువ తెలుసు. ఆయనతో స్నేహం చేసుకోండి.

రాత సంగతికి వస్తే మాత్రం ఆఫీసు దండగ. చిన్న కంపెనీల్లో రైటర్ అనే మనిషే ఉండరు. డ్రాఫ్ట్ పంపితే డెవలపర్ "బాగుంది" అంటారు, అదే రివ్యూ. ఫైళ్లన్నీ వర్డ్‌లో: ఫైనల్, ఫైనల్ 2, ఫైనల్ లేటెస్ట్. కొత్త వెర్షన్ వచ్చిన ప్రతిసారీ సగం స్క్రీన్‌షాట్లు పాతబడిపోతాయి. పైగా రాసిందంతా కంపెనీ సొత్తు, రేపు ఇంటర్వ్యూలో చూపించడానికి లేదు. ఆఫీసు గన్నవరం దగ్గర మేధా టవర్స్ ఐటీ పార్కు వైపైతే, మే నెలలో సిటీ బస్సు ప్రయాణం కూడా లెక్కలో వేసుకోవాలి.

ఓపెన్ సోర్స్‌లో ఇదంతా తిరగబడుతుంది. మార్క్‌డౌన్‌లో (మామూలు టెక్స్ట్‌లోనే చిన్న గుర్తులతో) రాస్తారు, ప్రతి మార్పునూ గుర్తుంచుకునే గిట్‌లో దాస్తారు, "నా మార్పు చూసి కలుపుకోండి" అని పుల్ రిక్వెస్ట్ పెడతారు. ముక్కూ మొహం తెలియని మనిషి వాక్యం వాక్యం పట్టుకుని దులుపుతాడు. నాకొచ్చిన వ్యాఖ్యలు: ఒక స్టెప్‌లో ఒకే పని చెప్పు. షరతు ముందు రాయి, చెయ్యాల్సిన పని తర్వాత రాయి. "will" అని భవిష్యత్తులో చెప్పకు, వర్తమానంలో రాయి. ఇవన్నీ గూగుల్ డెవలపర్ స్టైల్ గైడ్‌లో ఉన్నవే. అది ఉచితం, ఎవరైనా చదవొచ్చు. కానీ మన వాక్యం మీద ఎర్ర గీత పడినప్పుడే అది తలకెక్కుతుంది. ఆ రాతలన్నీ అందరికీ కనిపించే చోటే ఉంటాయి, రెజ్యూమెలో లింకు ఇస్తే చాలు.

అయితే జవాబు కోసం వారాలు ఎదురుచూడాల్సి రావచ్చు. చూసేవాళ్లలో చాలామంది స్వచ్ఛందంగా చేసేవాళ్లే, మనకు తెల్లారితే వాళ్లకు అర్ధరాత్రి. డబ్బు కూడా చాలా చోట్ల సున్నా. ఓపెన్ సోర్స్‌లో స్టైపెండ్‌తో ఇంటర్న్‌షిప్ ఇచ్చే అవుట్‌రీచీ లాంటి కార్యక్రమంలో ఎంపికైతే మూడు నెలలకు 7,000 డాలర్లు ఇస్తారు. పోటీ గట్టిది, ముందే ఆ ప్రాజెక్టుకు కొంత పనిచేసి చూపించాలి. అక్షర దోషాలు దిద్ది పంపితే చాలనుకోకండి. అక్టోబరులో పుల్ రిక్వెస్టులు పంపినవాళ్లకు టీషర్టు ఇచ్చే హాక్టోబర్‌ఫెస్ట్‌లో, 2020లో ఆ టీషర్టు కోసం రీడ్‌మీలో (ప్రాజెక్టు పరిచయం ఉండే ఫైల్లో) ఒకటీ అరా మాటలు మార్చి పంపినవాళ్ల దెబ్బకు, ఒప్పుకున్న ప్రాజెక్టుల్లోనే పాల్గొనేలా నిర్వాహకులు నిబంధనే మార్చేశారు. అంతకంటే మీ కాలేజీ ల్యాబ్ విండోస్ సిస్టమ్ మీద ఒక టూల్ ఇన్‌స్టాల్ చేసి చూడండి. సూచనలు లైనక్స్ మనసులో పెట్టుకుని రాసి ఉంటే మధ్యలో ఎక్కడో ఆగిపోతారు. ఆగిన చోటు నుంచి రాసి పంపండి.

మూడో సంవత్సరంలో ఉంటే ఓపెన్ సోర్స్‌తో మొదలుపెట్టమంటాను. ఎవరి అనుమతీ అక్కర్లేదు, రాత గట్టిపడుతుంది. చివరి సెమిస్టర్‌లో ఆఫీసుకు వెళ్లండి. చేరే ముందు ఒక్క మాట అడగండి: "సపోర్ట్ కాల్స్ నేను వినొచ్చా?" వినొచ్చు అంటే స్టైపెండ్ తక్కువైనా చేరండి. కుదరదు అంటే ఇంట్లోనే ఉండి పుల్ రిక్వెస్టులు పెట్టుకోవడం మేలు.

ఒక చిక్కుంది. ఇంటర్న్‌షిప్ క్రెడిట్లకు కాలేజీ వాళ్లు లెటర్‌హెడ్ మీద కంపెనీ ఉత్తరం అడుగుతారు. ఓపెన్ సోర్స్ ప్రాజెక్టును నడిపే మెయింటెయినర్ దగ్గర లెటర్‌హెడ్ ఎక్కడిది? ఆ దారి ఎంచుకుంటే సెమిస్టర్ మొదట్లోనే హెచ్‌ఓడీ గారిని కలిసి, ఏ రుజువు ఇస్తే ఒప్పుకుంటారో అడిగి, ఒప్పుకున్నది మెయిల్‌లో రాయించుకోండి.