కొత్త టైమ్‌షేర్ రిసార్టుకి ఏ కరీబియన్ దీవి? నా ఓటు, నా కారణాలు

మా టైమ్‌షేర్ కంపెనీ ఓనర్లందరికీ ఓ సర్వే పంపింది. టైమ్‌షేర్ అంటే రిసార్టులో ఒక్కో యూనిట్‌ని (వంటగదితో ఉండే ఫ్లాట్ లాంటిది) వారాల లెక్కన చాలామంది కొనుక్కుని, ఏటా ఖర్చులు పంచుకోవడం. కరీబియన్‌లో కొత్త రిసార్టు కట్టాలనుకుంటున్నారట, ఏ దీవి అయితే బాగుంటుందో చెప్పమన్నారు. కామెంటుకి ఇచ్చిన జాగా అగ్గిపెట్టెంత ఉంది. నేను చెప్పాల్సింది అందులో పట్టదు కాబట్టి ఇక్కడ రాస్తున్నాను.

ముందు నా సంగతి. ఉద్యోగం చేసినన్నాళ్ళూ పెద్ద బిల్డింగుల మెయింటెనెన్స్ చూశాను. రిసార్టుకి వెళ్ళగానే మా ఆవిడ బాల్కనీలోంచి సముద్రం చూస్తుంది, నేను బాల్కనీ రెయిలింగు స్క్రూలు చూస్తాను. అవి ఎర్రగా తుప్పు కారుతుంటే వచ్చే ఏడాది మెయింటెనెన్స్ ఫీజు పెరుగుతుందని ఆవిడకి అప్పుడే చెప్పేస్తాను. కాబట్టి ఇది తెల్లటి ఇసుక, నీలి సముద్రం రివ్యూ కాదు.

హోటల్ వేరు, టైమ్‌షేర్ వేరు. సెప్టెంబరులో హోటల్ గదులు ఖాళీగా ఉంటే ఆ నష్టం హోటల్ వాడిది. టైమ్‌షేర్‌లో ఆ సెప్టెంబరు వారానికి కూడా ఎవరో ఒకరు డబ్బు కట్టి ఉంటారు. 52 వారాల్లో రెండు రిపేర్లకి పక్కన పెట్టినా మిగతా 50 అమ్ముడుపోవాలి. పాయింట్ల పద్ధతిలోనూ (వారానికి బదులు పాయింట్లు కొని, వాటితో నచ్చిన వారం బుక్ చేసుకునేది) అంతే, చలికాలం వారాలకి అందరూ ఎగబడితే తుపాను నెలలు మిగిలిపోతాయి, చివరికి అవే మన నెత్తిన పడతాయి. అందుకని దీవిని ఫిబ్రవరిలో చూసి ఎంచుకోకూడదు. సెప్టెంబరు రెండో వారంలో ఎలా ఉంటుందో చూసి ఎంచుకోవాలి. అట్లాంటిక్ తుపానుల సీజన్ జూన్ 1 నుంచి నవంబరు 30 వరకు. దాని నడినెత్తి సరిగ్గా ఆ వారమే.

తుపాను ఖర్చు ఎలా పడుతుందో లెక్క వేసి చూపిస్తాను. 200 యూనిట్ల రిసార్టుని 10 కోట్ల డాలర్లకి ఇన్సూర్ చేశారనుకోండి. తుపానుకి డిడక్టిబుల్ మామూలుగా శాతాల్లో ఉంటుంది. 5 శాతం అనుకుంటే 50 లక్షల డాలర్లు. ఇన్సూరెన్స్ వాళ్ళు మొదటి డాలరు ఇచ్చేలోపు ఈ మొత్తం ఓనర్లే పెట్టుకోవాలి. 200 యూనిట్లు, 50 వారాలు, అంటే పదివేల వాటాలు. తలా 500 డాలర్లు, అదీ మామూలు ఫీజు మీద అదనంగా. రిజర్వు ఫండ్ గట్టిగా ఉంటే కొంత తగ్గుతుంది. మాకు ఓసారి ఇలాంటి స్పెషల్ అసెస్‌మెంట్ వచ్చింది, ఏ రిసార్టో చెప్పను. ఆ ఏడు ఆ దీవి మొహం కూడా చూడలేదు, బిల్లు మాత్రం కట్టాం.

ఇక దీవుల సంగతి. మనసుకి నచ్చిందేది అని అడిగితే సెయింట్ మార్టిన్ అంటాను. 87 చదరపు కిలోమీటర్ల చిన్న దీవి, అందులో పెద్ద భాగం ఫ్రాన్సుది, మిగతాది డచ్చి వాళ్ళది. 1648 ఒప్పందం నుంచి ఇలాగే పంచుకుని ఉంటున్నారు. ఎల్లలో గేటు లేదు, పాస్‌పోర్టు అడిగేవాళ్ళు లేరు. డచ్చి వైపు ప్లగ్గులో 110 వోల్టులు, ఫ్రెంచి వైపు 220. డచ్చి వైపు బానే తిరిగే అమెరికా మిక్సీని ఫ్రెంచి వైపు అద్దెకు దిగినచోట పెట్టారంటే చట్నీకి ముందు మోటారు మాడుతుంది. డచ్చి వైపు ముఖ్యపట్టణం ఫిలిప్స్‌బర్గ్ ఫ్రంట్ స్ట్రీట్‌లో నగల దుకాణాలు చాలావరకు సింధీలవి, హిందీలో బేరమాడుకోవచ్చు. మాహో బీచిలో విమానాలు నెత్తిమీదుగా దిగుతుంటే అరవై దాటిన నేను కూడా కుర్రాళ్ళతో కలిసి కేకలేశాను.

కానీ 2017 సెప్టెంబరు 6న ఇర్మా అనే కేటగిరీ 5 తుపాను గంటకి 295 కిలోమీటర్ల గాలితో ఈ దీవి మీదుగానే పోయింది. అంతకుముందు 1995లో లూయిస్. విమానాశ్రయం టెర్మినల్ని పూర్తిగా మళ్ళీ కట్టుకోవడానికి ఏళ్ళు పట్టింది. పైగా సింప్సన్ బే వంతెన పడవల కోసం పైకి లేచిందంటే రెండువైపులా కార్లు ఆగిపోతాయి, ఎయిర్‌పోర్టుకి వెళ్ళేవాళ్ళు గడియారాలు చూసుకుంటూ కూర్చుంటారు. అతిథిగా మళ్ళీ మళ్ళీ వెళ్తాను. ఓనరుగా మాత్రం వద్దు.

సెయింట్ థామస్, ప్యూర్టో రికో గురించి మనవాళ్ళు ఎక్కువ అడుగుతారు, కారణం కాగితాలు. ప్యూర్టో రికోకి వెళ్ళడం అమెరికాలో ఒక ఊరి నుంచి ఇంకో ఊరికి వెళ్ళినట్టే. సెయింట్ థామస్ అమెరికాదే, 1917లో పక్క దీవులతో కలిపి డెన్మార్క్ దగ్గర రెండున్నర కోట్ల డాలర్లకి కొన్నారు. కానీ కస్టమ్స్ పరంగా వేరు, తిరుగు ప్రయాణంలో విమానం ఎక్కేముందు అధికారులు కాగితాలు చూస్తారు. హెచ్-1బీ మీద ఉన్నవాళ్ళు ఇది గుర్తుపెట్టుకోవాలి. అక్కడ కార్లు అమెరికావే, స్టీరింగ్ ఎడమవైపే, నడిపేది కూడా రోడ్డుకి ఎడమవైపే! కొండ మలుపుల్లో మా ఆవిడ కళ్ళు మూసుకుని కూర్చుంది.

నాకు అక్కడ బాగా నచ్చింది కప్పు మీది వాన నీళ్ళని ఇంటి కింద తొట్టిలోకి పట్టుకునే పద్ధతి. ఇళ్ళకి అలాంటి తొట్టి ఉండాలని చట్టమే ఉంది. అంటే అక్కడ నీళ్ళకి ఎంత కటకటో అర్థం చేసుకోండి. ఇర్మా ఈ దీవినీ అదే రోజు కొట్టింది, రెండు వారాల్లో వెనకే మరియా వచ్చింది. ప్యూర్టో రికోలో మరియా తర్వాత అందరికీ కరెంటు తిరిగి రావడానికి దాదాపు ఏడాది పట్టింది. జనరేటర్ మీద నడిచే రిసార్టులో డీజిల్ ఎవరి డబ్బుతో కాలుతుందో వేరే చెప్పక్కర్లేదు.

బార్బడోస్ మాట ఎత్తితే మా ఇంట్లో మగవాళ్ళందరూ లేచి నిలబడతారు. 2024 జూన్ 29న కెన్సింగ్టన్ ఓవల్‌లో టీ20 కప్పు గెలిచాం కదా. గెలిచినవాళ్ళు మాత్రం బెరిల్ తుపాను వల్ల విమానాశ్రయం మూసేస్తే రోజులకొద్దీ హోటల్లోనే ఉండిపోయారు. నిజానికి ఆ దీవి బాగా తూర్పుగా ఉండటంతో చాలా తుపానులు పక్కనుంచి పోతాయి, భూగర్భంలో సున్నపురాయి వడకట్టిన మంచినీళ్ళున్నాయి. ఇబ్బందల్లా నాచుతో. 2011 నుంచి అట్లాంటిక్‌లో సర్గాసమ్ అనే గోధుమరంగు నాచు తెప్పలు తెప్పలుగా పెరిగి కరీబియన్‌కి కొట్టుకొస్తోంది. అది ఒడ్డున కుళ్ళితే కోడిగుడ్డు మురిగిన వాసన. ఆ వాసన గ్యాసు ఏసీ రాగి గొట్టాల్ని కూడా తినేస్తుంది. బార్బడోస్‌లో తూర్పు, దక్షిణ తీరాలకి ఈ బాధ ఎక్కువ. పడమటి తీరం బానే ఉంటుంది గానీ అక్కడ స్థలాల ధరలు ఆకాశంలో ఉన్నాయి.

డొమినికన్ రిపబ్లిక్‌లోని పుంటా కానాకీ ఇదే నాచు బెడద, అది ఆ దేశపు తూర్పు కొస. పైగా అక్కడ తిండితో కలిపిన ప్యాకేజీలదే రాజ్యం, వంటగది ఉన్న యూనిట్ విలువ అక్కడ తెలియదు. గ్రాండ్ కేమన్ శుభ్రంగా, భద్రంగా ఉంటుంది. సరుకుల ధరలు చూస్తే కడుపు నిండిపోతుంది. సెవెన్ మైల్ బీచ్ దక్షిణపు కొసలో ఇసుక కోసుకుపోయి సముద్రం గోడల దాకా వచ్చింది. ఇవాన్ తుపాను 2004లో ఏం చేసిందో అక్కడివాళ్ళు ఇంకా చెబుతారు.

అరూబా దగ్గర మాత్రం ఆగి చెప్పాలి, సర్వేలో ఎక్కువ ఓట్లు దానికే పడతాయని నా అనుమానం. పన్నెండున్నర డిగ్రీల అక్షాంశంలో, వెనెజువెలా తీరానికి ఆనుకున్నట్టుగా ఉంటుంది. తుపానులు సాధారణంగా దానికి బాగా ఉత్తరంగా పోతాయి. అసలు రావని కాదు, అలలు, వాన తగులుతుంటాయి. కానీ ఇన్సూరెన్స్ లెక్కల్లో ఆ తేడా చాలా పెద్దది. 1932 నుంచే సముద్రపు నీటిని మంచినీరుగా మారుస్తున్నారు, కుళాయి నీళ్ళే తాగాం. టైమ్‌షేర్ అక్కడ పాత వ్యాపారం, అదే ఇంటివాళ్ళు అదే వారం ఏటా వచ్చి పూల్ దగ్గర పలకరించుకుంటారు.

మరెందుకు వద్దంటున్నాను? ఇరుకు. దీవి మొత్తం 180 చదరపు కిలోమీటర్లు. పామ్ బీచ్ పొడుగునా టవర్లే. ఈగిల్ బీచ్ ఇంకా నయం, బిల్డింగులు తక్కువ ఎత్తు. మేం ఉన్నచోట నీడనిచ్చే తాటాకు గొడుగు కావాలంటే పొద్దున్నే లైన్లో నిలబడాలి. సెలవుకని వెళ్ళి అలారం పెట్టుకోవడం ఏమిటండీ! టైమ్‌షేర్ వారాలు మారేది శని, ఆదివారాల్లో, కాబట్టి ఆ రెండు రోజులూ ఎయిర్‌పోర్టులో జాతర. అమెరికా ఇమిగ్రేషన్ అరూబాలోనే అయిపోతుంది, అది సౌకర్యమే, ఆ క్యూ మాత్రం సౌకర్యం కాదు. ఇంకోటి, రిసార్టుల కింద భూమి చాలాచోట్ల ప్రభుత్వ లీజు, మామూలుగా 60 ఏళ్ళు. పాత రిసార్టుల్లో ఆ గడువు దగ్గరపడుతుంటే ఓనర్లకి గుబులు. కొత్తది కట్టేవాళ్ళు ఎక్కడ కట్టినా లీజు ఎన్నేళ్ళో బ్రోషర్ మొదటి పేజీలో వేయాలి. వేయరు, నాకు తెలుసు.

ఆగకుండా వీచే ఆ గాలి చల్లగానే ఉంటుంది గానీ ఉప్పు మోసుకొస్తుంది. ఓ రిసార్టు వెనకవైపు ఏసీ యూనిట్ల వరుస చూశాను. కాయిల్ మీది అల్యూమినియం రెక్కలు తెల్లగా పూత పట్టి ఉన్నాయి, వేలితో నొక్కితే పొడిగా రాలాయి. పక్క యూనిట్‌కి ఎపాక్సీ పూత వేసిన కాయిల్ ఉంది, అది కొత్తదానిలా ఉంది. కొనేటప్పుడు కాస్త ఎక్కువ పెట్టుంటే వరుసంతా అలాగే ఉండేది.

నా ఓటు కురసావ్‌కి. అరూబాకి తూర్పున పక్కదీవి, తుపాను దారికి అదీ అంతే దూరం. వైశాల్యం 444 చదరపు కిలోమీటర్లు, అంటే అరూబాకి రెండున్నర రెట్లు, ఊపిరి ఆడుతుంది. వాన పడినా, బీచ్ విసుగొచ్చినా వెళ్ళడానికి ఓ అసలైన ఊరుంది. విలెమ్‌స్టాడ్ 1997 నుంచి యునెస్కో వారసత్వ జాబితాలో ఉంది. రంగురంగుల డచ్చి మేడల ముందు 1888 నాటి తేలే వంతెన. ఓడ వస్తే వంతెనే పక్కకి జరిగిపోతుంది, ఆ కాసేపూ జనాన్ని ఉచితంగా పడవలో దాటిస్తారు. నేను దాని ఇంజను గది చూస్తూ నిలబడితే మా ఆవిడ రెండుసార్లు పడవెక్కి వచ్చింది.

ఆవిడకి ఈ దీవి నచ్చిన కారణం వేరే, బెండకాయలు. అక్కడివాళ్ళు బెండకాయతో గియాంబో అని జిగురు జిగురుగా సూప్ చేసుకుంటారు, అందుకని మార్కెట్లో లేతవి దొరుకుతాయి. మేం తెచ్చుకుని వేపుడు చేసుకున్నాం. సురినామ్ నుంచి వచ్చిన మన మూలాలవాళ్ళ రోటీ కొట్లూ ఉన్నాయి.

లోపాలు లేవా అంటే ఉన్నాయి. బీచులు పొడుగ్గా ఉండవు, రాళ్ళ మధ్య చిన్న చిన్న వంపులు. కాళ్ళకింద పగడపు ముక్కలు గుచ్చుకుంటాయి, నీళ్ళలో వేసుకునే చెప్పులు తప్పనిసరి. కొన్నిటికి ప్రవేశ రుసుము ఉంది. అయితే ఒడ్డు నుంచి పది బారలు ఈదితే చేపలే చేపలు. వెస్ట్‌పుంట్ దగ్గర ప్లాయా పిస్కాడోలో జాలరులు చేపలు శుభ్రం చేస్తుంటే ఆ ముక్కల కోసం తాబేళ్ళు కాళ్ళ మధ్యకే వస్తాయి. అక్టోబరు నుంచి జనవరి దాకా వానలు పడతాయి, మన వానాకాలంతో పోలిస్తే అది చినుకే. అరూబాలోలా అమెరికా ఇమిగ్రేషన్ ముందే అయిపోదు, మయామీలో దిగాక నిలబడాలి. మయామీ నుంచి విమానం దాదాపు మూడు గంటలు.

కట్టేవాళ్ళకి ఒక హెచ్చరిక. కురసావ్ కరెంటు 50 హెర్ట్జ్, అరూబాది అమెరికాలాగే 60. అమెరికా నుంచి కంటైనర్లలో పంపులు, కంప్రెసర్లు తెచ్చి బిగిస్తే మోటార్లు ఆరో వంతు నెమ్మదిగా తిరుగుతాయి, వేడెక్కుతాయి. ప్లగ్గుకి పెట్టే పాత తరహా గడియారం గంటకి పది నిమిషాలు వెనకబడుతుంది. పరికరాలు 50 హెర్ట్జ్‌వే కొనాలి.

స్థలం విషయంలోనూ జాగ్రత్త. ఊరి మధ్య స్కోటెగాట్ రేవు పక్కన 1918లో షెల్ తెరిచిన నూనెశుద్ధి కర్మాగారం ఉంది. నడిపిన వెనెజువెలా కంపెనీ లీజు 2019తో ముగిసింది, కానీ రేపు మళ్ళీ ఎవరు పొయ్యి వెలిగిస్తారో. గాలి తూర్పు నుంచి వీస్తుంది, పొగ పడమటికి పోతుంది. కాబట్టి తూర్పువైపు యాన్ టీల్ పరిసరాల్లో కట్టమంటాను. ఊరు దగ్గర, సరుకుల కొట్లు దగ్గర, సముద్రం ప్రశాంతం. పడమటి బందా అబౌ అందంగా ఉంటుంది గానీ పాలపొడి అయిపోతే కారెక్కాలి.

నాలుగంతస్తులు దాటొద్దు. రెయిలింగులు స్టెయిన్‌లెస్ 316 రకం, కాయిల్స్‌కి పూత మొదటిరోజు నుంచే. అన్నీ రెండు బెడ్‌రూములవే, పూర్తి స్టవ్వుతో. చిన్న స్టూడియోలో రెండు చుట్ల కరెంటు పొయ్యి పెట్టి దాన్ని కిచెన్ అనే అలవాటు మానుకోవాలి. పొయ్యి మీద చిమ్నీ గాలిని బయటికే పంపాలి, తిరిగి గదిలోకే ఊదేది కాదు. లేకపోతే మా పోపు వాసన పక్క యూనిట్ వాళ్ళ రివ్యూలో కనిపిస్తుంది. ఇంకా బాత్రూముల్లో నీళ్ళ స్ప్రే పెట్టిస్తే, నా పాయింట్లన్నీ అక్కడికే మార్చేసుకుంటాను.