మా కాలనీ మ్యూజిక్ స్కూల్: టీచర్లు ఎక్కణ్ణుంచి వచ్చారు, ఎలా చెప్తున్నారు

మ్యూజిక్ స్కూళ్ల రివ్యూలు ఏవి చదివినా ఒకటే గోల, ఏసీ ఉంది, పార్కింగ్ ఉంది, రిసెప్షన్‌లో బాగా మాట్లాడతారు, పిల్లలు ఎంజాయ్ చేస్తున్నారు, ఐదు స్టార్లు. పాఠం చెప్పే మనిషి ఎవరు, ఎక్కడ నేర్చుకున్నారు, ఇన్నాళ్లూ ఏం చేశారు అన్నది ఒక్కరూ రాయరు. మనం ఫీజు కట్టేది ఏసీ గాలికి కాదు కదండీ. అందుకే ఇందులో టీచర్ల సంగతి తప్ప వేరే ఏమీ రాయట్లేదు. స్కూల్ పేరు, టీచర్ల పేర్లు కావాలనే వదిలేశా, వాళ్లేం సెలబ్రిటీలు కాదు, సైలెంట్‌గా పని చేసుకునే మనుషులు, ఊరికే బజార్లో పెట్టడం ఎందుకు. మా పాప అక్కడ వయొలిన్, మా అక్క కొడుకు మృదంగం, నేను మధ్యలో కొన్నాళ్లు పెద్దవాళ్ల వోకల్ బ్యాచ్‌లో కూర్చున్నా, కాబట్టి చూసిందే రాస్తున్నా.

లోపలికి వెళ్లగానే గోడ మీద పెద్ద ఫ్లెక్సీ ఉంటుంది, మా ఫ్యాకల్టీ అని. అందరికీ శాలువా కప్పిన ఫొటోలే, ఒకరి చేతిలో మైక్, ఒకరి చేతిలో షీల్డ్. ఎవరి చేత సన్మానం చేయించుకున్నారో ఉంది, ఏ ఏ దేశాల్లో ప్రోగ్రాం ఇచ్చారో ఉంది, చిన్నపిల్లలకి ఎన్నేళ్లుగా పాఠం చెప్తున్నారో మాత్రం ఒక్కరి కిందా లేదు. అన్నిటికంటే పెద్ద ఫొటో చీఫ్ మెంటర్ అని ఒక సింగర్‌ది. ఆయన యాన్యువల్ డేకి వస్తారు, రెండు పాటలు పాడతారు, పిల్లలతో సెల్ఫీలు దిగుతారు, వెళ్లిపోతారు. తప్పేం లేదు గానీ ఆ ఫొటో చూసి అడ్మిషన్ తీసుకునేవాళ్లని కళ్లారా చూశా కాబట్టి చెప్తున్నా, ఆయన మీ పిల్లలకి సరళీ వరుసలు, అదే మొట్టమొదటి స్వర పాఠాలు, చెప్పరు.

ఇక అసలు మనిషి వయొలిన్ మాస్టారు. ఫ్లెక్సీలో చివరి వరసలో మూలన ఉంటుంది ఆయన ఫొటో, పాస్‌పోర్ట్ సైజు ఫొటో పెద్దది చేసినట్టు. విజయనగరం మ్యూజిక్ కాలేజీలో డిప్లొమా, ఆకాశవాణి బి హై గ్రేడ్ ఆర్టిస్ట్. ఈ రెండు ముక్కల్ని పేరెంట్స్ ఎవరూ పట్టించుకోరు, యూఎస్ టూర్ అని రాసి ఉంటే మాత్రం ఆగి చదువుతారు. ఆకాశవాణి గ్రేడ్ అంటే ఎవరో పిలిచి ఇచ్చే బిరుదు కాదు, ఆడిషన్ ఇవ్వాలి, పాసైతే బి, తర్వాత బి హై, ఆ పైన ఏ, దాని పైన టాప్. ఒక్కో మెట్టు ఎక్కడానికి మళ్లీ సాధన, మళ్లీ ఆడిషన్. బి హై దాకా వచ్చిన మనిషి మన కాలనీలో పిల్లలకి కమాను పట్టుకోవడం నేర్పిస్తున్నాడంటే చిన్న విషయం కాదు.

విజయనగరం కాలేజీ గురించి తెలియనివాళ్లకి కాస్త చెప్పాలి. 1919లో మొదలైంది, మొదటి ప్రిన్సిపాల్ హరికథా పితామహుడు ఆదిభట్ల నారాయణదాసు గారు. ఘంటసాల అక్కడే చదువుకున్నారు, సుశీల గారూ అక్కడే. వయొలిన్ అంటే మాత్రం ద్వారం వెంకటస్వామి నాయుడు గారే. స్టూడెంట్‌గా చేరదామని వెళ్తే, వాయించింది విని నువ్వు చెప్పాల్సినవాడివే గానీ నేర్చుకోవాల్సినవాడివి కాదని పాఠం చెప్పే ఉద్యోగం ఇచ్చారని చెప్పుకుంటారు. అప్పటికి ఆయనకి పాతికేళ్లు దాటి ఎంతో కాలేదు, 1936లో ప్రిన్సిపాల్ అయ్యారు, 1941లో మద్రాస్ మ్యూజిక్ అకాడమీ ఇచ్చే సంగీత కళానిధి బిరుదు. ఆయన మొదట నేర్చుకుంది సొంత అన్నగారి దగ్గర. ఇప్పుడైతే బయోడేటాలో అన్నయ్య దగ్గర నేర్చుకున్నాను అని రాస్తే హెచ్‌ఆర్ వాళ్లు పక్కన పడేస్తారేమో! సరే, మా మాస్టారు ద్వారం వారంత వాడని నేననట్లేదు, ఆ కాలేజీ నుంచి వచ్చిన మనిషికి ఒక పద్ధతి ఉంటుంది, అది క్లాసులో తెలిసిపోతుంది.

ఎలా తెలుస్తుందంటే, మా పాప జంట వరుసలు వాయిస్తోంది, ఒక్కో స్వరం రెండేసి సార్లు, సస రిరి గగ మమ, మాయామాళవగౌళ రాగంలో. నా చెవికి బ్రహ్మాండంగా ఉంది. మాస్టారు ఆపేశారు. "అమ్మా, రెండో స కి బలం ఏదీ? రెండు స్వరాలూ ఒకేలా పడితే జంట ఎలా అవుద్ది?" అని, తన వయొలిన్ తీసి కుడి చీలమండ మీద ఆనించి వాయించి చూపించారు, రెండో స్వరం దగ్గర వేలు చిన్నగా కొట్టినట్టు పడుతుంది, అంతే తేడా. తర్వాత వాయించొద్దు, పాడమన్నారు. వయొలిన్ క్లాసులో పాట ఏంటని పక్క పేరెంట్ గొణిగాడు గానీ, నోటితో రానిది వేలితో రాదని ఆయన పట్టుదల. మొదటి కాలంలో, అంటే నెమ్మదిగా, కుదిరేదాకా రెట్టింపు వేగం ఉండే రెండో కాలానికి వెళ్లనివ్వరు. కొంతమంది పేరెంట్స్‌కి ఇదే కంప్లయింట్, ఇంకా వరుసల్లోనే ఉన్నారు, పాట ఎప్పుడు అని. ఓపిక లేనివాళ్లు ఈ బ్యాచ్‌లో చేరకండి, మీకూ ఆయనకీ ఇద్దరికీ ఇబ్బంది.

ఆదివారాలు ఆయన దొరకరు, పెళ్లిళ్ల సీజన్‌లో ఫ్యూజన్ బ్యాండ్‌తో రిసెప్షన్లలో వాయిస్తారు, అదీ బతుకుతెరువే. స్కూల్ వాళ్లు ఇది దాచిపెడతారు ఎందుకో, కచేరీ అయితే గొప్ప, రిసెప్షన్ అయితే తక్కువ అన్నట్టు. నాకైతే వారానికోసారి జనం ముందు వాయించే టీచర్ దగ్గర పిల్ల నేర్చుకోవడం మంచిదే అనిపిస్తుంది, చెయ్యి తుప్పు పట్టదు.

వోకల్‌కి ఇద్దరు ఉన్నారు. ఒకావిడ టీవీ పాటల పోటీలో ఫైనల్స్ దాకా వెళ్లొచ్చారు, గొంతు నిజంగా బంగారం, స్టేజ్ మీద నిలబడితే హాలు ఊగిపోతుంది. పాఠం దగ్గరే తేడా. శృతి అంటే స ఏ ఎత్తులో పెట్టుకుంటాం అన్నది, అంకె పెరిగేకొద్దీ ఎత్తు పెరుగుతుంది. ఆవిడకి అయిదున్నర శృతి హాయి, బ్యాచ్ మొత్తానికి అదే పెట్టేస్తారు. చిన్న ఆడపిల్లలకి పర్లేదు గానీ, పెద్దవాళ్ల బ్యాచ్‌లో మగవాళ్లం ఒకటిన్నర, రెండు దగ్గర పాడేవాళ్లం, అయిదున్నరలో పై స అందుకోవాలంటే నరాలు ఉబ్బి బయటికొస్తాయి, లేకపోతే కింద స్థాయిలో గొణుక్కోవాలి. ఒక పెద్దాయన "మేడమ్, కాస్త దించుతారా" అని అడిగితే "ప్రాక్టీస్ చేస్తే వచ్చేస్తుంది అంకుల్" అన్నారు. ప్రాక్టీస్‌తో రాదండీ అది, ఎవరి గొంతు వాళ్లది. సినిమా పాట కరావోకే మీద పాడటం, మైక్ ఎంత దూరంలో పట్టుకోవాలి, ఊపిరి ఎక్కడ తీసుకోవాలి లాంటివి మాత్రం ఆవిడ చెప్పినంత బాగా ఇంకెవరూ చెప్పరు, ఎందుకంటే ఆ లైట్ల కింద నిలబడి నేర్చుకున్న విద్య అది. పోటీలకి వెళ్లే పిల్లలకి ఆవిడే కరెక్ట్.

రెండో ఆవిడ రిటైర్డ్ లెక్కల టీచర్. అవును, గవర్నమెంట్ హైస్కూల్లో లెక్కలు. ఫ్లెక్సీలో ఈ సంగతి రాయలేదు, సంగీత విదుషీమణి అని పెట్టారు. ఉద్యోగం చేసుకుంటూ పొద్దున్నే గురువుగారింటికి వెళ్లి నేర్చుకున్నారట, ఏళ్ల తరబడి. ఒకావిడ రిసెప్షన్‌లో "ఫుల్ టైమ్ మ్యూజిషియన్ కాదా అయితే" అని మొహం అదోలా పెట్టి వేరే బ్యాచ్ అడిగింది. అలా అనుకుంటే అంత పెద్ద కర్ణాటక సంగీత విద్వాంసుడు శ్రీపాద పినాకపాణి గారు ఎవరు? డాక్టరు. వైజాగ్‌లో మెడిసిన్ చదివి, కర్నూలు మెడికల్ కాలేజీలో ప్రొఫెసర్‌గా పనిచేసిన మనిషి. నేదునూరి కృష్ణమూర్తి, నూకల చినసత్యనారాయణ, వోలేటి వెంకటేశ్వర్లు లాంటి పెద్ద గాయకులందరూ ఆయన దగ్గర నేర్చుకున్నవాళ్లే. 1983లో పినాకపాణి గారికి సంగీత కళానిధి వస్తే, 1991లో శిష్యుడు నేదునూరి గారికీ వచ్చింది. ఉద్యోగం వేరే చేశాడని ఆయన పాఠాన్ని ఎవరైనా తక్కువ చేశారా?

లెక్కల మేడమ్ క్లాసులో తాళం చూడాలి. కొత్త పిల్లలు ఎవరు చేరినా ముందు గొంతు విని, ఎవరి శృతి ఎంతో నోట్‌బుక్‌లో రాసుకుని, దగ్గర దగ్గర శృతులున్నవాళ్లని కలిపి కూర్చోబెడతారు. అలంకారాలనే తాళం పాఠాల దగ్గర ఏడు తాళాలు, ఒక్కోదానికి అయిదు జాతులు, అంటే అయిదు రకాలు, మొత్తం ముప్ఫై అయిదు ఎలా వస్తాయో బోర్డు మీద వేసి చూపించారు, మా అక్క కొడుకు అక్కడే పడిపోయాడు, వాడికి మృదంగం పిచ్చి పట్టింది ఆవిడ వల్లే. ఆవిడ కంఠం ఇప్పుడు కాస్త వణుకుతుంది, పై స్థాయిలో ఆగదు. మంచి గొంతు వినాలనుకుంటే నిరాశ పడతారు.

మృదంగం మాస్టారు కచేరీల మనిషి కాదు, కూచిపూడి ప్రోగ్రాంలకి వాయించి వాయించి వచ్చినవాడు. నాట్యానికి వాయించేవాళ్ల కళ్లు ఎప్పుడూ డాన్సర్ కాళ్ల మీదే ఉంటాయి కదా, ఆ అలవాటు క్లాసులోకీ వచ్చింది, పిల్లాడి చేతుల కంటే భుజాల వైపు ఎక్కువ చూస్తారు. భుజం బిగుసుకుందంటే త ధి తొం నం దగ్గరే ఆపేస్తారు, చెయ్యి విదిలించమంటారు. తొప్పి, అదే మృదంగం ఎడమ వైపు, దాని మీద రవ్వ ముద్ద ఎంత మెత్తగా కలపాలి, ఎక్కడ అద్దాలి అనేది పిల్లల చేతే చేయిస్తారు, ఫ్లోర్ అంతా పాడవుతోందని మేనేజర్ గొడవ. వాయిద్యం తన చేత్తో తయారు చేసుకోనివాడు వాయించలేడని ఆయన అంటారు, ఇందులో నాకు పెద్ద నమ్మకం లేదు గానీ మావాడు మాత్రం ఇంట్లో చిన్న రాయి పట్టుకుని అంచు కొడుతూ శృతి కోసం అరగంట కూర్చుంటున్నాడు, ఫోన్ అడగట్లేదు. మాస్టారి చదువు పదో తరగతి దాకానే. అందుకని జీతం తక్కువ ఇస్తారని విన్నా, నిజమైతే సిగ్గుచేటు.

కీబోర్డ్ అబ్బాయి చర్చిలో వాయిస్తూ పెరిగాడు. మనవైపు మంచి కీబోర్డ్ ప్లేయర్లలో చాలామందిది ఇదే దారి, ప్రతి ఆదివారం లైవ్, ఎవరు ఏ స్కేల్లో ఎత్తుకున్నా వెంటనే పట్టుకోవాలి, అంతకంటే ట్రైనింగ్ ఏముంది. తర్వాత లండన్ ట్రినిటీ గ్రేడులు రాశాడు, ఎనిమిది దాకా. కాబట్టి చెవీ ఉంది, నొటేషన్ చదవడమూ వచ్చు, ఈ రెండూ కలిసినవాళ్లు తక్కువ. గ్రేడ్ పరీక్షలకి పిల్లల్ని బాగా రెడీ చేస్తాడు. కానీ స్కూల్ వాళ్లు ఈ అబ్బాయి చేతే కర్ణాటక కీబోర్డ్ అని ఇంకో కోర్సు నడిపిస్తున్నారు, అక్కడ నాకు నచ్చలేదు. మామూలు కీబోర్డ్ మీద గమకం, అంటే స్వరాన్ని ఊపడం, జార్చడం, పలకదు, స్వరాన్ని వంచే పిచ్ బెండ్ వాడే పద్ధతి తెలిసినవాళ్లు వేరే ఉంటారు, అతను పాపం నిజాయితీగా "నాకు కర్ణాటక రాదండీ, స్వరాలు చూసి చెప్తున్నా" అని మొహమాటం లేకుండా ఒప్పుకున్నాడు. తప్పు అతనిది కాదు, ఆ కోర్సు అమ్ముతున్నవాళ్లది.

గిటార్ గురించి పెద్దగా రాయలేను, ఏడాదిలోనే మనుషులు మారిపోతున్నారు, ఇప్పుడున్నతను సాఫ్ట్‌వేర్ వదిలేసి వచ్చాడు, పిల్లలకి నచ్చాడు.

ఫ్లెక్సీ కింద ఎర్ర అక్షరాల్లో "త్యాగరాజ శిష్య పరంపర" అని ఇంకో లైన్ ఉంది. ఎవరి పరంపర అని అడిగితే మేనేజర్ నవ్వి ఊరుకున్నాడు. పరంపర అంటే పేర్లు చెప్పాలండీ. బాలమురళీకృష్ణ గారి విషయం చూడండి, గురువు పారుపల్లి రామకృష్ణయ్య పంతులు గారు, ఆయన గురువు సుసర్ల దక్షిణామూర్తి శాస్త్రి గారు, ఆయన గురువు మానాంబుచావడి వెంకటసుబ్బయ్య గారు, ఆయన త్యాగయ్య గారి దగ్గరే నేర్చుకున్నారు. నాలుగు పేర్లలో అయిపోయింది, ఎక్కడా ఖాళీ లేదు. లెక్కల మేడమ్‌ని అడిగితే ఆవిడ తన గురువు పేరు, ఆయన గురువు పేరు చెప్పి "ఆ పైన నాకు తెలీదు నాన్నా" అన్నారు. ఆ ఎర్ర లైన్ కంటే ఆ జవాబే నాకు నచ్చింది.

గొడవ ఒక్కటే పెద్దది. టీచర్ మారితే చెప్పరు. ఒకసారి వయొలిన్ మాస్టారు సెలవు పెడితే ఆయన బదులు ఎవరో కుర్రాణ్ణి పంపారు, అతను వెస్ట్రన్ నేర్చుకున్నవాడు, వచ్చీ రాగానే పాప వయొలిన్‌ని జి డి ఏ ఈ అనే వెస్ట్రన్ స్వరాలకి ట్యూన్ చేసి, నిలబెట్టి గడ్డం కింద పెట్టించాడు. అదీ ఒక మంచి పద్ధతే, కాదనను, కానీ మావాళ్లు స ప స ప శృతిలో కింద కూర్చుని నేర్చుకుంటున్నారు. తీగ ఒకటి తెగింది కూడా. మాస్టారు తిరిగొచ్చాక తీగలు బిగించే బిరడాలు మళ్లీ సర్దుకోవడంతోనే క్లాస్ అయిపోయింది. ఫీజు అడ్జస్ట్ చేయమంటే పాలసీ లేదన్నారు. టీచర్లకి క్లాస్ లెక్కన డబ్బులిస్తారు, సెలవు పెడితే వాళ్లకీ పోతుంది, అందుకే జ్వరంతో కూడా వస్తుంటారు, ఇదంతా మనకి ఫ్లెక్సీ మీద కనపడదు.

డెమో క్లాస్ అడిగితే ఇస్తారు, కానీ డెమోకి టీవీ మేడమ్‌నే పంపుతారు ఎవరు అడిగినా. మీకు క్లాస్ ఎవరు తీసుకుంటారో వాళ్లతోనే డెమో కావాలని గట్టిగా అడగండి, ఇంతకుముందు ఎక్కడ చెప్పారు, అక్కడ ఎన్నాళ్లు ఉన్నారు, వాళ్ల దగ్గర వర్ణం దాకా, అంటే వరుసలూ గీతాలూ దాటిన పాఠం దాకా, వచ్చిన పిల్లలు ఎవరైనా ఉన్నారా, ఒకసారి వినొచ్చా అని అడగండి. వయొలిన్ మాస్టారు మాత్రం అడక్కుండానే పాత స్టూడెంట్‌ని పిలిచి వాయించమన్నారు.

నా మార్కులు: వయొలిన్, మృదంగం, లెక్కల మేడమ్ వోకల్ ఐదుకి ఐదు, కీబోర్డ్ గ్రేడ్ క్లాసులకి నాలుగు, కర్ణాటక కీబోర్డ్‌కి ఒకటి, మేనేజ్‌మెంట్‌కి రెండు. వచ్చే నెల నుంచి వీణ క్లాసులు కూడా అంటున్నారు, టీచర్ ఎవరని అడిగితే ఇంకా ఫైనల్ కాలేదన్నారు, అడ్మిషన్లు మాత్రం తీసుకుంటున్నారు.