ఏడు సంఘాల "స్టడీ టూర్"కు డబ్బు కట్టేముందు ఇది చదవండి

అందరికీ వందనాలు. బైబిల్‌లోని ప్రకటన గ్రంథంలో చెప్పిన ఏడు తొలి క్రైస్తవ సంఘాల ఊళ్లు చూపిస్తామంటూ టర్కీ టూరుకు మళ్లీ అడ్వాన్సులు కట్టించుకుంటున్నారని విన్నాను. అందుకే 2024 అక్టోబరులో మాకు జరిగింది రాస్తున్నాను. నేను గుంటూరులో సండే స్కూల్ టీచర్‌ని. అమ్మకు 68 ఏళ్లు. మనిషికి 1,58,000 రూపాయల చొప్పున కట్టి ఇద్దరం వెళ్లాం.

బ్రోషర్‌లో "బైబిల్ స్టడీ టూర్" అని ఉంది. ప్రతి స్థలంలో వాక్యధ్యానం ఉంటుందని, పురావస్తు విషయాలు తెలిసిన తెలుగు బోధకుడు వెంట వస్తారని చెప్పారు. షికారు కోసమైతే అమ్మ అంత డబ్బు తీసేది కాదు. ఆరు నెలలపాటు ఆ సంఘాల గురించి ఉన్న ప్రకటన 2, 3 అధ్యాయాలు చదువుతూ ఒక్కో సంఘానికి నాలుగేసి పేజీలు నోటుబుక్కులో రాసుకుంది.

బోధకుడు రాలేదు. ఆయనకు వీసా రాలేదన్న సంగతి శంషాబాద్ ఎయిర్‌పోర్టులో చెప్పారు. అక్కడి గైడు మంచివాడే, కానీ అతనికి తెలిసింది రోమన్ల చరిత్ర. ఎఫెసు నాటకశాల దగ్గర ఎంతమంది పడతారో చెప్పి ముందుకు నడిచాడు. దేమేత్రియ అనే కంసాలి రేపిన అల్లరిలో జనం రెండు గంటలసేపు అర్తెమిదేవి పేరున కేకలు వేసింది ఇక్కడేనని మాలో ఒక పెద్దాయన అపొస్తలుల కార్యములు 19 తెరిచి చదివారు. అప్పటిదాకా సగంమందికి తెలియలేదు.

అన్నిటికంటే బాధపెట్టింది ఇజ్మీర్ నుంచి పాముక్కాలె వెళ్లిన రోజు. సార్దీస్, ఫిలదెల్ఫియ రెండూ ఆ రోజే చూడాలి. పొద్దున్నే తోలు జాకెట్ల షోరూముకు తీసుకెళ్లి రెండున్నర గంటలు కూర్చోబెట్టారు. భోజనం తర్వాత తివాచీల దుకాణం. సార్దీస్‌కు మిగిలింది పాతిక నిమిషాలు. అక్కడి పాత యూదుల సమాజమందిరం చాలా పెద్దది, నేలంతా మొజాయిక్ పని. అమ్మ మోకాళ్ల నొప్పితో మెల్లగా నడుస్తుంది. గుమ్మం దాటేలోపే బస్సు హారన్ మోగింది.

ఫిలదెల్ఫియ చేరేసరికి చీకటి పడింది. ఇప్పుడు దాని పేరు అలాషెహిర్. ఊరి మధ్యలో పాత చర్చివి కొన్ని పెద్ద స్తంభాలు మిగిలాయి, చూడ్డానికి పావుగంట చాలు. బస్సు ఆగలేదు. "అదిగో ఫిలదెల్ఫియ" అని మైకులో అన్నారు. అమ్మకు కిటికీలోంచి వీధిదీపాలు కనిపించాయి. తను ఎక్కువ ఇష్టపడి రాసుకుంది ఈ సంఘం గురించే. ఆ రాత్రి హోటల్లో ఆ పేజీలు ఒకసారి తిరగేసి, నోటుబుక్కును సూట్‌కేసు అడుగున పెట్టేసింది.

ఏడు సంఘాల్లో ఒకటైన తుయతైరకు, అంటే అపొస్తలుల కార్యముల్లోని లూదియ సొంతూరికి, అసలు వెళ్లనే లేదు. లవొదికయలో అరగంట ఇచ్చారు. అక్కడ సున్నం పేరుకుపోయిన పాత నీటి గొట్టాలు ఉన్నాయి. దగ్గర్లోని హియెరాపొలిలో వేడినీటి ఊటలు, కొలొస్సయి వైపు చన్నీళ్లు. ప్రభువు ఆ సంఘాన్ని "నులివెచ్చన" అన్న మాటను చాలామంది బోధకులు ఈ నీళ్లతోనే వివరిస్తారు. ఆ గొట్టాల దగ్గర పది నిమిషాలు నిలబెట్టి ఇది చెప్పడమే కదా స్టడీ అంటే! ఎవరూ చెప్పలేదు. ఇక బ్రోషర్‌లో "కొలొస్సయి శిథిలాలు" అని వేసిన ఫొటో నిజానికి హియెరాపొలి నాటకశాలది. కొలొస్సయిలో మేము చూసింది ఒక మట్టిదిబ్బ.

యోహాను ప్రకటన దర్శనాలు చూసిన పత్మాసు గురించి తప్పకుండా తెలుసుకోండి. ఆ ద్వీపం టర్కీలో లేదు, గ్రీసులో ఉంది. అక్కడికి గ్రీసు లాంటి యూరప్ దేశాలకిచ్చే షెంగెన్ వీసా వేరే కావాలి, మళ్లీ టర్కీకి తిరిగి రావాలంటే ఒక్కసారి ప్రవేశానికిచ్చే టర్కీ వీసా పనికిరాదు. మాకు ఆ వీసా కోసం ఒక్క కాగితం కూడా అడగలేదు. అంటే తీసుకెళ్లే ఉద్దేశం మొదటినుంచీ లేదు. "వాతావరణం అనుకూలిస్తే" అని మాత్రం చిన్న అక్షరాల్లో రాశారు.

మీరు కట్టేముందు రోజువారీ ప్రోగ్రాం రాతపూర్వకంగా అడగండి. ఏ స్థలంలో ఎన్ని గంటలు, టికెట్ కొని లోపలికి తీసుకెళ్తారా, షాపింగ్ కోసం ఎన్నిచోట్ల ఆపుతారు, అన్నీ అందులో ఉండాలి. "పనోరమిక్" అని ఉంటే బస్సులోంచి చూపిస్తారని అర్థం. మన సంఘంలో తెలిసినవాళ్లు చెప్పారు కదా అని ఊరుకోకండి. కొన్ని కంపెనీలు ఇంతమందిని తెస్తే ఒక సీటు ఉచితం అని ఇస్తాయి, ఆ మాట మొహమాటపడకుండా అడగండి. డబ్బు కంపెనీ ఖాతాకే పంపండి. మా దగ్గర టీసీఎస్ (విదేశీ టూరు మీద కంపెనీ వసూలు చేసి ప్రభుత్వానికి కట్టాల్సిన పన్ను) పేరుతో నగదు తీసుకున్నారు, అమ్మ పాన్ మీద జమైన పన్నులు చూపించే 26ఏఎస్ పత్రంలో చూస్తే ఏమీ జమ కాలేదు.

వెనక్కి ఇవ్వమంటే "ప్రోగ్రాం మారవచ్చని మీరే సంతకం పెట్టారు" అన్నారు. జాతీయ వినియోగదారుల హెల్ప్‌లైన్ 1915కు ఫోన్ చేశాను, తర్వాత గుంటూరులోనే జిల్లా వినియోగదారుల కమిషన్‌లో ఫిర్యాదు వేశాను. మనం ఉండే జిల్లాలోనే వేయవచ్చు, కట్టిన మొత్తం 5 లక్షల లోపైతే ఫీజు లేదు, రెండేళ్లలోపు వేయాలి. మాతో వచ్చినవాళ్లలో ఆరుగురు వాంగ్మూలం ఇస్తామన్నారు. ఆ బ్యాచ్‌లో ఉన్న మిగతావాళ్లు ఎవరైనా ఇది చదివితే, బ్రోషర్, డబ్బు కట్టిన రసీదు, ఆ రోజుల్లో తీసిన ఫొటోలు పారేయకండి. ఫొటోల్లో టైం ఉంటుంది.