పళ్ళ సెట్టు కింద ఫంగస్‌కి లైట్ ట్రీట్‌మెంట్, అమ్మకి చేయించాక నా రివ్యూ

అమ్మకి పై పళ్ళ సెట్టు పెట్టించి ఏడేళ్ళయింది, పోయినేడాది నుంచి అంగిలంతా ఎర్రగా కందిపోయి కాస్త కారం తగిలితే చాలు కళ్ళనీళ్ళు పెట్టుకునేది. ఫంగస్‌కిచ్చే ఫ్లూకోనజోల్ మాత్రలు రెండు కోర్సులు వాడాం, ఆపిన మూడు వారాలకే మళ్ళీ మొదలు. కల్చర్ (నోట్లోంచి తీసిన నమూనాని ల్యాబ్‌లో పెంచి చూసే టెస్టు) చేయిస్తే కాండిడా ఆల్బికన్స్ అనే ఫంగస్, ఫ్లూకోనజోల్‌కి రెసిస్టెంట్, అంటే ఆ మందుకి లొంగదు అని వచ్చింది. అప్పుడే ఒక డెంటల్ క్లినిక్‌లో ఫోటోడైనమిక్ థెరపీ (రంగు పూసి లైట్ పట్టి ఫంగస్‌ని చంపే పద్ధతి) చేస్తున్నారని తెలిసి తీసుకెళ్ళాను.

అంగిలి మీద, సెట్టు లోపలి వైపు మిథిలీన్ బ్లూ అనే నీలం రంగు డై పూసి ఐదు నిమిషాలు ఆగి ఎర్ర లైట్ పట్టారు. నొప్పేం లేదు, వెచ్చగా ఉందంది అంతే. నాలిక మాత్రం సాయంత్రం దాకా నేరేడుపళ్ళు తిన్నట్టే ఉంది. మొత్తం ఆరు సిట్టింగులు, డాక్టరు గారు ప్రతిసారీ ఓపిగ్గా చేశారు.

నాకు కోపమొచ్చింది కౌంటర్ దగ్గర. "ఇది ఫంగస్ జీన్స్‌నే ఆపేస్తుంది మేడమ్, ఇంక జన్మలో రాదు" అన్నారు. నేను డిగ్రీ పిల్లలకి మైక్రోబయాలజీ చెప్తాను, పెద్దవాళ్ళకి ఇలాంటి మాటలు చెప్పడం తప్పు.

అసలు సంగతేంటంటే ఫ్లూకోనజోల్ ఫంగస్‌లో ఒకే ఒక్క ఎంజైమ్‌ని పట్టుకుంటుంది, దాన్ని తయారుచేసే ఈఆర్‌జీ11 జీన్ మారిపోయినా, లేదంటే సీడీఆర్1, ఎండీఆర్1 జీన్లు జోరుగా పనిచేసి లోపలికొచ్చిన మందుని మోటరు పెట్టినట్టు బయటికి తోడేసినా ఇక ఎన్ని మాత్రలు మింగినా అంతే. పైగా బయోఫిల్మ్ ఒకటి, నీళ్ళ తొట్టి గోడకి పాకుడు పడుతుంది చూడండి, సెట్టు మీద ఫంగస్ అలాగే పేరుకుంటుంది, ఆ గ్లూకాన్ జిగురులోనే మందు సగం చిక్కుకుపోతుంది. లైట్ దారి వేరు. 660 నానోమీటర్ల దగ్గరి ఎర్ర వెలుగుని డై పీల్చుకుని పక్కనున్న ఆక్సిజన్‌ని సింగ్లెట్ ఆక్సిజన్‌గా, అంటే బాగా చురుకైన రూపంగా మారుస్తుంది, అది దొరికిన కొవ్వునీ ప్రోటీన్‌నీ పాడుచేస్తుంది, ఏదో ఒక్క జీన్ మార్చుకుని తప్పించుకోవడం కష్టం.

జీన్స్ మాట పూర్తిగా అబద్ధం కూడా కాదు. అతుక్కోవడానికి వాడే ఏఎల్ఎస్ జీన్లు, పోగులు సాగడానికి కావాల్సిన హెచ్‌డబ్ల్యూపీ1, వీటి పని లైట్ తర్వాత తగ్గినట్టు కొన్ని పరిశోధనల్లో చూశారు. కానీ తగ్గడం వేరు ఆగిపోవడం వేరండీ, జీన్ పనిని కొలిచేది దాన్నుంచి తయారయ్యే ఆర్‌ఎన్ఏతో, చావబోయే కణంలో అది ఎలాగూ తగ్గుతుంది, బతికి బయటపడ్డవి కోలుకుని మళ్ళీ పాకుడు కట్టగలవు. బ్రెజిల్‌లో పళ్ళ సెట్ల వాళ్ళ మీద జరిగి 2012లో వచ్చిన ట్రయల్‌లో కూడా లైట్ ఫలితం నిస్టాటిన్ అనే మామూలు ఫంగస్ మందుకి దగ్గర దగ్గరగానే ఉంది, అద్భుతమేం కాదు.

అమ్మకి మూడో సిట్టింగుకే మంట పోయింది, ఆరోదానికి ఎరుపు చాలావరకు తగ్గింది. అందుకు క్లినిక్‌కి నిజంగా థాంక్స్. కానీ రాత్రి సెట్టు తీసి పడుకోవాలని ఒక్కరూ చెప్పలేదు, ఏడేళ్ళుగా దాంతోనే పడుకుంటోంది! రెండు నెలలకి వెనకవైపు బఠాణీ గింజంత ఎర్ర మచ్చ మళ్ళీ కనిపించింది. అప్పట్నుంచి రోజూ బ్రష్‌తో తోమి రాత్రి గిన్నెలో నానేస్తున్నాం, మచ్చ పెరగలేదు. ట్రీట్‌మెంట్‌కి నాలుగు స్టార్లు, చెప్పిన మాటలకి రెండు. మీరు వెళ్తే కల్చర్ రిపోర్ట్ వెంట పట్టుకెళ్ళండి, సెట్టుకి కూడా లైట్ పడుతున్నారో లేదో దగ్గరుండి చూసుకోండి.