కోకర్ హీటర్ ట్యూబులకు మెకానికల్ పిగ్గింగ్: సేవ ఎలా ఉంది?

చమురు శుద్ధి కర్మాగారంలోని డిలేడ్ కోకర్ యూనిట్‌లో వాక్యూమ్ రెసిడ్యూను, అంటే ముడిచమురు స్వేదనంలో అడుగున మిగిలే చిక్కటి భాగాన్ని, దాదాపు 500 డిగ్రీల సెల్సియస్ వరకు వేడిచేస్తారు. అది కోక్‌గా (బొగ్గులాంటి ఘన పదార్థంగా) మారవలసింది డ్రమ్ములోకి చేరిన తర్వాతే. అయినా కొంత కోక్ హీటర్ ట్యూబుల లోపలి గోడలకే పడుతుంది. ఆ పొర వేడిని అడ్డుకోవడంతో బర్నర్లను మరింత మండించవలసి వస్తుంది, ట్యూబు లోహపు ఉష్ణోగ్రత పెరుగుతూ పోతుంది, పరిమితి దగ్గరపడితే హీటర్‌ను ఆపక తప్పదు. మా యూనిట్‌లో ఈసారి ఆ కోక్‌ను తీయడానికి ఒక పిగ్గింగ్ బృందాన్ని పిలిపించాము.

లోహపు మొనలు పొదిగిన పిగ్ అనే పరికరాన్ని నీటి ఒత్తిడితో ట్యూబులో ముందుకూ వెనక్కూ నడిపి కోక్‌ను గీకి తీయడమే ఈ పద్ధతి. బృందం చిన్న పిగ్‌తో మొదలుపెట్టింది. పంపు ప్రెషర్ గేజ్ నిలకడగా ఉన్నదని తేలాకే తర్వాతి సైజుకు వెళ్లింది. ఒక పాస్‌లో (హీటర్‌లోని విడివిడి ట్యూబు మార్గాల్లో ఒకదానిలో) అవుట్‌లెట్ దగ్గర గేజ్ ముల్లు పదేపదే ఒకే చోట ఎగబాకడాన్ని గమనించి, ఆ భాగంలోనే పిగ్‌ను ఓపికగా తిప్పారు. నల్లగా వచ్చిన నీరు తేటపడిన తర్వాత కూడా మరోసారి నడిపి చూశారు. ఈ శ్రద్ధే నాకు అన్నిటికంటే నచ్చింది. ఆవిరి, గాలి పంపి కోక్‌ను కాల్చే పాత పద్ధతిలో ట్యూబు మితిమీరి వేడెక్కే ప్రమాదం ఉంటుంది. యూనిట్ నడుస్తుండగానే ట్యూబు ఉష్ణోగ్రతను మార్చి కోక్‌ను పెచ్చులుగా ఊడగొట్టే స్పాలింగ్ ఉత్పత్తిని కాపాడుతుంది గానీ, గోడకు అంటిన లవణాల పొరను పూర్తిగా వదిలించలేదు.

లోపం ఒక్కటే, కానీ చిన్నది కాదు: ట్యూబు మందం కొలిచిన నివేదిక హీటర్‌ను తిరిగి బిగించి మూసేశాక మా చేతికి వచ్చింది. పలచబడిన ట్యూబును మార్చాలో వద్దో తేల్చుకోవలసిన సమయం అప్పటికే దాటిపోయింది.

ఈ సేవ కోక్‌ను తీస్తుందే తప్ప, మళ్లీ పట్టే వేగాన్ని తగ్గించదు. ముడిచమురులోని ఉప్పును తీసే డీసాల్టర్ సరిగా పనిచేయక ఫీడ్‌లో సోడియం పెరిగినా, పాస్‌ల మధ్య ప్రవాహం సమంగా లేకపోయినా, ట్యూబులోకి ఇచ్చే ఆవిరి తగ్గినా, శుభ్రమైన హీటర్ కూడా త్వరగానే ఫౌల్ అవుతుంది. ఎక్కువ కోక్ దొరికిన పాస్‌లో ఆవిరి ప్రవాహాన్ని సరిచూడాలని ఆ బృందమే సూచించింది. చూస్తే నిజంగానే తక్కువగా ఉంది. మళ్లీ వారినే పిలుస్తాను, అయితే హీటర్ మూసేలోగా మందం నివేదిక ఇవ్వాలన్న షరతును ముందే ఒప్పందంలో రాయిస్తాను.