"అన్ని మోడళ్లకూ సరిపోతుంది" అని అమ్మే డిష్‌వాషర్ తలుపు రబ్బరుతో జాగ్రత్త

డిష్‌వాషర్ తలుపు రబ్బరు మార్చాలనుకుంటున్నవాళ్లు ఆర్డర్ నొక్కే ముందు ఒక్క ఐదు నిమిషాలు ఇది చదవండి. నాకు ముందుగా చెప్పేవాళ్లు లేక నొక్కేశాను. కొండనాలుక్కి మందేస్తే ఉన్న నాలుక ఊడిందన్నట్టు, రబ్బరు మార్చబోయి తలుపు లాచ్ విరగ్గొట్టుకున్నాను.

మా యంత్రానికి ఆరేళ్లు. ముందువైపు, కుడి మూల కింద నేలమీద కాస్త తడి కనిపించడం మొదలైంది. మొదట పిల్లలు నీళ్లు ఒలకబోశారనుకుని వాళ్లను కోప్పడ్డాను కూడా. నాలుగో రోజూ అదే చోట అదే తడి. తలుపు తీసి చూస్తే పైమూల వంపు దగ్గర రబ్బరు మీద గోరంత పగులు, చుట్టూ నల్లమచ్చలు. ఇంకేముంది, దొంగ దొరికాడనుకున్నాను. పైన పగిలితే కింద ఎందుకు కారుతుందన్న అనుమానం ఆ పూట నా బుర్రకు తట్టనే లేదు. ఈ మొత్తం వ్యవహారంలో నా తప్పు అదొక్కటే. మిగతాదంతా అమ్మినవాళ్లది.

ఆన్‌లైన్‌లో వెతికితే ఒకచోట దొరికింది. పేరులోనే మా కంపెనీతో పాటు ఇంకో పది కంపెనీల పేర్లు వరసగా ఉన్నాయి. ఇంతమందికి సరిపోయేది మనకెందుకు సరిపోదు అనిపించింది. నిజానికి అక్కడే అనుమానం రావాలి. ఫొటోలో మాత్రం అసలు కంపెనీ సరుకే ఉంది, పార్ట్ నంబరు అంటించి, రెండు చివర్లూ అచ్చుపోసి నీట్‌గా. అయినా చాట్‌లో మోడల్ నంబరు పంపి అడిగాను. నిమిషం తిరక్కుండా జవాబొచ్చింది: "హండ్రెడ్ పర్సెంట్ సరిపోతుంది సర్." ఒరిజినలేనా అని అడిగితే, "ఆ మోడల్‌కి ఒరిజినల్ రావడం ఆగిపోయింది సర్, ఇప్పుడందరూ ఇదే వేయించుకుంటున్నారు" అన్నారు.

ఈ మాట శుద్ధ అబద్ధమని తర్వాత తేలింది. కంపెనీ సర్వీసువాళ్లకు ఫోన్ చేస్తే మా మోడల్‌కు అన్ని రబ్బర్లూ ఉన్నాయన్నారు. తలుపు సీళ్లు, కీళ్లు అంత అపురూపమైన వస్తువులేం కావు. యూరోపియన్ యూనియన్‌లోనైతే 2021 మార్చి నుంచి, ఆ మోడల్ చివరి యంత్రం మార్కెట్లోకి వచ్చాక కనీసం 10 ఏళ్లపాటు వాటిని మామూలు వినియోగదారులకు కూడా అందుబాటులో ఉంచాలని నిబంధనే ఉంది. కాబట్టి "ఆగిపోయింది" అన్న మాట అమ్మేవాడి నోట కాదు, తయారుచేసినవాళ్ల నోట వినండి.

పార్సిల్ వచ్చింది. పల్చటి కవర్లో చుట్ట చుట్టి, మధ్యలో రబ్బర్‌బ్యాండ్ బిగించి పంపారు. దాని మీద ఏ నంబరూ లేదు, ఏ ముద్రా లేదు. విప్పగానే టైర్ల కొట్టు వాసన. పాతదాని పక్కన పరిస్తే మూరెడు పొడవెక్కువ. లోపల చీటీ: "ఎక్కువైతే కోసుకోండి." ఈ చీటీని గుర్తుపెట్టుకోండి, మళ్లీ వస్తుంది.

కంపెనీ చేసే అసలు గాస్కెట్‌ను, అంటే ఈ తలుపు రబ్బరును, కొలిచి కోసుకోవలసిన అవసరం ఉండదు. గిన్నెలు పెట్టే లోపలి టబ్బు అంచున ఉండే గాడికి ఎంత కావాలో అంతే పొడవు, చివర్లు కింది మూలల్లో కూర్చునే ఆకారంలో వస్తాయి. గాడిలోకి దిగే పక్కన చిన్న చిన్న రెక్కలు, తలుపుకు ఆనే పక్కన లోపల బోలుగా ఉండే ఉబ్బు ఉంటాయి. తలుపు మూస్తే ఆ ఉబ్బు నలిగి సందు మూసేయాలి. అది మెత్తగా నలగడమే దాని పని. నాకొచ్చినదాని ఉబ్బు పాతదానికంటే మూడు మిల్లీమీటర్లు లావు, పైగా గట్టిది.

ప్లగ్గు పీకేసి పని మొదలుపెట్టాను. పాతది ఒక చివర పట్టుకుని లాగితే చేత్తోనే ఊడొచ్చింది. గాడిలో ఆరేళ్ల జిడ్డు. పాత టూత్‌బ్రష్‌తో తోముతూ కూర్చుంటే అదే పెద్ద పనయింది. కొత్తదాన్ని మడతలు పోయేదాకా గోరువెచ్చటి నీళ్లలో నానబెట్టి, పైన నడిమధ్యలో మొదలుపెట్టి రెండు పక్కలకూ నొక్కుకుంటూ దిగాను. సాగదీయకూడదు. సాగదీసి పెడితే ఆనక కుంచించుకుపోయి మూలల్లో గాడి వదిలేస్తుంది. ఎక్కువైన మూరెడూ చీటీలో చెప్పినట్టే కోసేశాను. ఇంతవరకూ అంతా పద్ధతిగానే చేశాను. మా ఆవిడ వచ్చి చూసి, "ఇది లావుగా లేదూ?" అంది. "కొత్తది కదా, వాడితే నలుగుతుందిలే" అన్నాను. ఆ జవాబు ఇప్పటికీ ఇంట్లో రోజుకోసారి నాకు వినిపిస్తూనే ఉంది.

తలుపు పడలేదు. మోకాలు ఆనించి, భుజం ఆనించి నెడితే టక్కుమంది. రెండు రోజులు అలాగే నెట్టాం. మూడో రోజు టక్కు బదులు టప్‌మంది. లాచ్‌లోని ప్లాస్టిక్ కొక్కెం విరిగి చేతికొచ్చింది. తలుపు మూసుకుందని లాచ్‌లోని చిన్న స్విచ్ చెబితేనే యంత్రం మొదలవుతుంది, కాబట్టి ఇక అది కదల్లేదు. మూడు మిల్లీమీటర్లేగా అనుకోకండి. రబ్బరు ఉన్నంత పొడవునా వెనక్కి నెడుతుంది, ఆ బలమంతా పైనున్న ఆ ఒక్క కొక్కెం మీద పడుతుంది.

ఇంతా చేస్తే కింద తడి తగ్గిందా అంటే, పెరిగింది!

అమ్మినవాళ్లకు ఫొటోలు పంపాను. మొదటి జవాబు, "ఫిట్టింగ్ తప్పు సర్." రెండోది, "కోసిన సరుకు వాపసు తీసుకోం సర్." కోసుకోమని చీటీ పెట్టింది మీరే కదా అని ఆ చీటీ ఫొటో పంపితే ఇక మౌనం. మర్నాడు చూస్తే లిస్టింగ్‌లో ఫొటో మారిపోయింది. పార్ట్ నంబరున్న బొమ్మ తీసేసి నల్లటి చుట్ట బొమ్మ పెట్టారు. అదృష్టవశాత్తూ కొన్ననాటి స్క్రీన్‌షాట్ నా దగ్గరుంది. ఇలాంటివి కొంటే డబ్బు కట్టకముందే పేజీని, చాట్‌ని స్క్రీన్‌షాట్ తీసి పెట్టుకోండి. తర్వాత తీద్దామంటే అక్కడ ఉండకపోవచ్చు. విప్పేటప్పుడు వీడియో కూడా తీసి ఉంటే నా ఫిర్యాదు ఇంకా గట్టిగా ఉండేది.

లాచ్ కోసం టెక్నీషియన్‌ని పిలవక తప్పలేదు. ఆయన నా కొత్త రబ్బరు వంక చూడనైనా చూడలేదు. "తడి ఏ మూల సార్?" అని అడిగి, కుడి కింది మూల అనగానే తలుపు అడుగు అంచును వేలితో తడిమి, "మీరు మార్చాల్సింది ఇది" అన్నారు.

అప్పుడు తెలిసింది, మా యంత్రానికి తలుపు రబ్బర్లు రెండు. ఒకటి టబ్బు చుట్టూ గాడిలో ఉండేది. దాన్ని చుట్టూ అంటాం గానీ నిజానికి తిరగేసిన 'యు' ఆకారం, రెండు పక్కలా పైనా మాత్రమే ఉంటుంది. అడుగున ఉండదు. అక్కడ తలుపు కింది అంచుకు పల్చటి పెదవిలాంటి వేరే సీలు ఉంటుంది. చాలా ఇళ్ల యంత్రాల్లో ఇదే ఏర్పాటట. యంత్రం ఒక్కో దఫాకు తీసుకునేది మూడు నాలుగు లీటర్లే, ఆ నీళ్లు తలుపు గడపకంటే కిందే నిలుస్తాయి. అందుకే ఆ పెదవి ఆపాల్సింది నిలిచిన నీళ్లను కాదు, లోపల గిర్రున తిరిగే స్ప్రే ఆర్మ్ చిమ్మే చినుకుల్ని. మాది కుడి చివర గట్టిపడి వంకర తిరిగింది. లావు గాస్కెట్ తలుపును ముందుకు నెట్టేసరికి ఆ పెదవి ఇంకా దూరం జరిగి తడి ఎక్కువైంది.

ఇక నల్లమచ్చలంటారా, వాటిని చూసి రబ్బరు చెడిందనుకోవడం నా తొందర. 2011లో వెలువడిన ఒక అధ్యయనంలో 18 దేశాల ఇళ్లలోని 189 డిష్‌వాషర్ల రబ్బరు సీళ్లను పరీక్షిస్తే 62 శాతం వాటిల్లో శిలీంధ్రాలు, అంటే బూజు లాంటివి, దొరికాయి. వేడీ తేమా కలిసిన చోట అవి పుట్టడం మామూలే. తుడిస్తే పోయేవాటికి రబ్బరు మార్చేశాను నేను. పైమూల పగులు కూడా పైపైదేనట, లోపలి దాకా పోలేదు.

కాబట్టి ముందు ఎక్కడ కారుతోందో పట్టుకోండి. ముందువైపు యంత్రం కింద పాత న్యూస్‌పేపర్ పరిచి ఒక్క వాష్ నడపండి, ఏ మూల తడిసిందో అది చెబుతుంది. పక్కలనుంచి, పైమూలల నుంచి ధారలా దిగిన జాడలుంటే పెద్ద గాస్కెట్. కింది మూలల్లోనే అయితే అడుగు సీలు. ఒక్కోసారి రబ్బరు దోషమే ఉండదు. చేత్తో గిన్నెలు తోమే లిక్విడ్ పొరపాటున పోస్తే నురుగు పొంగి ఎంత మంచి సీలునైనా దాటి వస్తుంది. స్ప్రే ఆర్మ్ అతుకు విడినా నీళ్లు తిన్నగా తలుపు సందులోకే కొడతాయి. యంత్రం ముందుకు వాలి ఉన్నా అంతే.

రబ్బరే అని తేలితే, తలుపు తెరిచాక లోపలి అంచు మీదో టబ్బు పక్క అంచు మీదో ఉన్న స్టిక్కర్ చూడండి. పెట్టె మీదున్న పేరు కాదు, స్టిక్కర్ మీది పూర్తి నంబరు, చివరనున్న గీత తర్వాతి అంకెలతో సహా కావాలి. బాష్, సీమెన్స్ యంత్రాల్లోనైతే మోడల్ నంబరుతో (E-Nr అని రాసి ఉంటుంది) పాటు ఎఫ్‌డీ (FD) అని ఇంకోటి ఉంటుంది, అది తయారీ కాలం. ఒకే మోడల్‌లో నడుమ పార్ట్ మారి ఉంటే అదే చెబుతుంది. ఆ నంబరుతో కంపెనీ పార్ట్ నంబరు తెలుసుకుని, అది రాసి ఉన్న వస్తువే కొనండి. వేరే కంపెనీ చేసినదైనా ఫరవాలేదు, ఏ పార్ట్ నంబరుకు బదులో రాసి ఉండాలి. "అన్నింటికీ" అని రాసి ఉంటే వదిలేయండి.

మధ్యలో ఒకాయన వ్యాజ్‌లైన్ రాస్తే రబ్బరు మెత్తబడుతుందని సలహా ఇచ్చాడు. చేయకండి. ఈ సీళ్లలో చాలావాటికి వాడే ఈపీడీఎం అనే కృత్రిమ రబ్బరుకు పెట్రోలియం నూనెలు పడవు, ఉబ్బిపోతుంది. గమ్ము పెట్టి అతికించడం కూడా వద్దు, గాడిలో తనంతట తాను నిలవకపోతే అది మీ యంత్రానిది కానట్టే.

లాచ్ కొత్తది పడింది, అడుగు సీలు కొత్తది పడింది. పెద్ద గాస్కెట్ సంగతి అడిగితే, "పాతది పారేశారా?" అన్నారు టెక్నీషియన్. చెత్తబుట్టలోంచి తీసి కడిగి ఇచ్చాను. ఆయన ఐదు నిమిషాల్లో నొక్కేసి, ఒక్క వేలితో తలుపు మూసి చూపించారు. రీఫండ్ ఫిర్యాదు ఇంకా "పరిశీలనలో" ఉందట. మూడు వారాలైంది, కింద పరిచిన న్యూస్‌పేపర్ మాత్రం ఇవాళ్టిదాకా పొడిగానే ఉంది.